గాలికుంటు చిత్రరాజం

పాత చిత్రాల ప్రేక్షక సంఘం వారి నూట పదకొండవ ప్రదర్శన కనీవినీ ఎరుగని విజయం సాధించిందని పాఠక మహాశయులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. రెండు వందల మంది పట్టే హాల్లో నాలుగు వందల మంది కూర్చున్నారు. కూర్చోలేనివారు కిటికీ ఊచలు పట్టుకుని వేలాడారు. అగ్రనటుడు స్వయంగా విచ్చేసి కంటతడి పెట్టారు. ఆ సాయంత్రం చూపించవలసిన సినిమాను చూపించలేదన్న చిన్న లోపం ఒక్కటి మినహాయిస్తే కార్యక్రమం సర్వాంగసుందరంగా జరిగింది.

ఆ లోపాన్ని మొదట కనిపెట్టినవాడు సంఘం కార్యదర్శి. ముప్పై ఏళ్ళు ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఇరవై రెండో ఏట ఆయన ఒక విదేశీ సినిమా చూశాడు. అందులో గొడుగులు బాగుచేసే బక్కపలచని మనిషి ఒకడు, బేరాల్లేక, దారినపోయే వాళ్ళందరితోనూ "రేపు వాన" అంటుంటాడు. ఒకనాడు నిజంగానే వాన పడుతుంది. ఒక పత్రిక అతన్ని పట్టుకుని త్రికాలజ్ఞుణ్ణి చేసేస్తుంది. అతని మాట మీద ఊళ్ళకు ఊళ్ళు విత్తనాలు చల్లుతాయి. చివరికి పాపం అతను మేడ ఎక్కి, వాన సంగతి తనకేమీ తెలియదని మొత్తుకుంటే, కింద నిలబడ్డ జనం ఆ వినయానికి మురిసిపోయి చప్పట్లు కొడతారు.

ఆ సినిమా చూసిన మర్నాటి నుంచి కార్యదర్శి పేపర్లో వచ్చే ఉష్ణోగ్రతలు కూడా నమ్మడం మానేశాడు. అయినా అన్నం పెట్టేది ఆ పేపరే కనుక, అబద్ధాల్లో అక్షర దోషాలు లేకుండా మాత్రం ముప్పై ఏళ్ళూ కంట్లో వత్తులు వేసుకుని చూశాడు.

రిటైరయ్యాక, తాను చూసి బాగుపడ్డ సినిమాలు నలుగురికీ చూపించి లోకాన్ని కూడా బాగుచేద్దామని సంఘం పెట్టాడు. గ్రంథాలయం మేడ మీద హాలు అడిగి తీసుకున్నాడు. ప్రొజెక్టరు కొన్నాడు, దాన్ని నడపడం నేర్చుకున్నాడు. లోకం మాత్రం మెట్లెక్కి రాలేదు. వచ్చినవాళ్ళు పదకొండు మంది. వాళ్ళలో ఒకాయన ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చేవాడు. ఇద్దరు తమ కోడళ్ళ గురించి చెప్పుకోవడానికి వచ్చేవారు. మిగతావారు మొహమాటానికి. కార్యదర్శి భార్య ప్రతి ప్రదర్శనకీ వచ్చి చివరి వరసలో కూర్చుని ఊలు అల్లుకునేది. ఆవిడ పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైంది. దేనికీ తొణకని మనిషి.

ఇలా తొమ్మిదేళ్ళు గడిచాక గ్రంథాలయాధికారి నుంచి ఒక నోటీసు వచ్చింది. "సదరు హాలును వినియోగించుకొనుచున్న ప్రేక్షకుల సంఖ్య, సదరు హాలులో తిరుగుచున్న ఫ్యానుల సంఖ్య కన్న తక్కువగా నున్నందున, రాబోవు ప్రదర్శనకు కనీసం యాభై మంది హాజరు కాని పక్షమున, హాలును కుట్టుమిషన్ల గోదామునకు అప్పగించబడును." ఆ వాక్యంలో కర్మ, క్రియ కొట్టుకుంటున్నాయని కార్యదర్శికి మొదట కోపం వచ్చింది. అర్థం తర్వాత తెలిసింది. అప్పుడు భయం వేసింది.

హాలు పోయేముందు తన గొడుగుల సినిమా అయినా ఒకసారి చూపిద్దామని రాజధానిలోని చిత్ర భాండాగారానికి ఉత్తరం రాశాడు. యాభై మందిని ఎక్కణ్ణుంచి తేవాలో మాత్రం తెలియలేదు. భార్యే దారి చూపించింది.

"మా తమ్ముడికి చెప్పి చూడండి. వాడు జనాన్ని పోగెయ్యగలడు. వాడి పెళ్ళికి మనకే కూర్చోడానికి చోటు దొరకలేదు గుర్తుందా."

ఆ తమ్ముడు, అంటే కార్యదర్శి బావమరిది, ఒక వార్తా చానల్లో తెర అడుగున పాకే ఎర్రక్షరాలు రాసే ఉద్యోగంలో ఉన్నాడు. మనిషి మంచివాడు. ఎప్పుడూ పరిగెత్తుతున్నట్టు మాట్లాడతాడు.

"సినిమా దేని గురించి బావా?"

"పత్రికలు మామూలు మనిషిని ఎలా ఆకాశానికెత్తుతాయి, జనం ఎలా గుడ్డిగా నమ్ముతారు, దాని గురించి."

"బాగుంది. కానీ ఎవరూ రారు. అగ్రనటుణ్ణి పిలుద్దాం."

"ఆయనకి దీంతో ఏం పని?"

"వచ్చే నెల ఆయన సినిమా విడుదల. కండలున్నాయి గానీ మేధావి అన్న పేరు లేదని వాళ్ళవాళ్ళు తెగ బెంగపడుతున్నారు. నలుపు తెలుపు సినిమా ఒకటి చూస్తే ఆ పేరు వచ్చేస్తుంది. మన హాలూ నిండుతుంది."

"ఒరేయ్, పేరున్నవాళ్ళ వెంట పడొద్దని చెప్పే సినిమారా అది. దానికి పేరున్నవాణ్ణి పెట్టి జనాన్ని రప్పిస్తే ఎలా?"

"ఆ నీతి వినడానికైనా చెవులు కావాలి కదా బావా. ముందు చెవులు పోగేద్దాం. నీతి తర్వాత పోద్దువుగాని."

ఈ మాటలో ఎక్కడో తప్పుందని కార్యదర్శికి తెలుసు. గీత ఎక్కడ గీయాలో తోచలేదు. సరే అన్నాడు.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం భాండాగారం నుంచి పెట్టె వచ్చింది. అగ్రనటుడి రక్షణ సిబ్బంది దాన్ని అనుమానాస్పద వస్తువుగా గుర్తించి స్వాధీనం చేసుకున్నారు. కార్యదర్శిని కూడా దాదాపు అదే రీతిన గుర్తించి గేటు దగ్గర ఆపేశారు. ఆయన దగ్గర పాసు లేదు. పాసులు అచ్చు వేయించింది తానేనని ఆయన ఎంత చెప్పినా, అచ్చు వేయించినవాడికి ఒకటి మిగుల్చుకునే బుద్ధి లేదా అని వాళ్ళు అడిగారు. చివరికి బావమరిది వచ్చి, "ఈయన కరెంటు పనివాడు" అని చెప్పి లోపలికి తీసుకుపోయాడు.

సాయంత్రం ఆరింటికి అగ్రనటుడు వేదికెక్కారు. గోల సద్దుమణగడానికి పావుగంట పట్టింది.

"సోదర సోదరీమణులారా," అన్నారాయన. "ఈ చిత్రాన్ని నేను నా బాల్యంలో ఇరవై సార్లు చూశాను. నేను ఈ రోజు ఈ స్థాయిలో ఉన్నానంటే కారణం ఈ చిత్రమే. ఇందులోని ఆ పాత్ర, ఆ పాత్ర పడే బాధ... దాన్ని నేను మాటల్లో చెప్పను. చెబితే చిన్నబోతుంది. మీరంతా నా కోసం రాలేదని నాకు తెలుసు. కళ కోసం వచ్చారు."

కళ కోసం వచ్చిన నాలుగు వందల మంది ఆయన పేరు పెట్టి ఈలలు వేశారు. ఆ సినిమా ప్రింటు భాండాగారం గడప దాటి నలభై ఏళ్ళయిందని కార్యదర్శికి తెలుసు. అగ్రనటుడి వయసు ముప్పై ఎనిమిదని ఆయన అభిమానులందరికీ తెలుసు. ఈ రెండు ముక్కలూ కలిపి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

దీపాలు ఆర్పే క్షణాన గానీ పెట్టె కార్యదర్శి చేతికి రాలేదు. పైన చీటీ సరిగ్గానే ఉంది. లోపల మూడు డబ్బాలుండవలసిన చోట ఒక్కటే ఉంది. మొదటి భాగమైనా పంపారు కదా అనుకుని ఆదరాబాదరాగా రీలు ఎక్కించి మీట నొక్కాడు. ఫిల్ము మొదట్లో చిరిగిపోయి ఉంది. పేర్లూ గీర్లూ ఏమీ రాలేదు. తెర నిండా తిన్నగా ఒక ఎద్దు ముఖం ప్రత్యక్షమైంది.

ఎద్దు నోటి నుంచి నురుగు కారుతోంది. తెల్లకోటు మనిషి ఒకడు వచ్చి దాని దవడ తెరిచి, నాలుక పక్కకి లాగి, పుండ్లు చూపించాడు. విదేశీ భాషలో ఎవరో గంభీరంగా ఏదో చెబుతున్నారు. తర్వాత గిట్ట. గిట్ట సందులో పుండు. మళ్ళీ ఎద్దు ముఖం. పశువులకొచ్చే గాలికుంటు వ్యాధి గురించి ఏ దేశం వాళ్ళో తమ రైతుల మేలు కోరి తీసిన సినిమా అది.

కార్యదర్శి చెయ్యి మీట మీదకి పోయింది. బావమరిది వచ్చి ఆ చెయ్యి మీద తన చెయ్యి వేశాడు.

"ఇది మన సినిమా కాదురా. పశువుల రోగం సినిమా."

"ఆపకు బావా. అటు చూడు."

మొదటి వరసలో అగ్రనటుడు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆ వరసను పాత పేపర్ల కట్టలు జరిపి వేశారు. తొమ్మిదేళ్ళ దుమ్ము. ఆయనకి దుమ్ము పడదు. ముక్కు ఎర్రబడింది, కళ్ళ వెంట ధారాపాతంగా నీళ్ళు. ఏడు కెమెరాలు తెరను వదిలేసి ఆయన వైపు తిరిగాయి. అప్పటికే బావమరిది వేళ్ళు ఫోను మీద ఆడుతున్నాయి. మరో నిమిషంలో రాష్ట్రమంతటా తెరల అడుగున ఎర్రక్షరాలు పాకాయి: "ఎద్దు చూపులకు చలించిన అగ్రనటుడు".

ఇరవై నాలుగు నిమిషాల తర్వాత ఎద్దు కోలుకుని గడ్డి మేసింది. హాలు మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కునుకు తీసే సభ్యుడు కూడా, చోటు లేక నిలబడే ఉన్నాడు కనుక, అందులో పాల్గొన్నాడు.

ఆ సాయంత్రం సినిమాను సినిమాగా చూసిన ప్రేక్షకురాలు ఒక్కరే, కార్యదర్శి భార్య. ఆవిడ ఇంటికి వెళ్తూ దారిలో తన అభిప్రాయం చెప్పింది. "బాగానే తీశారండీ. పుండ్లు స్పష్టంగా కనపడ్డాయి. కానీ ఆ గిట్టలకి పూసిన మందు ఇప్పుడెవరూ వాడట్లేదు. జబ్బు పడ్డదాన్ని మంద నుంచి విడిగా కట్టాలని కూడా చూపించలేదు. అది పెద్ద తప్పు. ఒకదాని నుంచి ఒకదానికి ఇట్టే అంటుకుంటుంది."

అంటుకుంది. మర్నాడు ఉదయం కార్యదర్శి పనిచేసిన పేపర్లో సగం పేజీ సమీక్ష వచ్చింది. ఎద్దు అంటే సామాన్య ప్రజ అనీ, దవడ తెరిచే తెల్లకోటు పత్రికారంగమనీ, నోటి నురుగే కీర్తి అనీ, అది ఎంత కారినా ఎద్దు దాహం తీర్చదనీ విమర్శకుడు వివరించాడు. మూడో రోజున "ఎద్దు అడుగుతున్న ప్రశ్నలు" అని సంపాదకీయం. నాలుగో రోజున ఇంకో పేపరు, మొదటి పేపరు ఎద్దును అపార్థం చేసుకుందని రాసింది. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమన్నట్టుగా, ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. బట్టల దుకాణాలు గిట్ట గుర్తు చొక్కాలు తెచ్చాయి. బ్యూటీ పార్లర్లలో కళ్ళకు "ఎద్దు చూపు" పెట్టడం మొదలైంది, దానికి వారం ముందు పేరు రాయించుకోవాలి. ఒక కళాపీఠం వారు ఉత్తమ నటనకు ఎద్దుకు పురస్కారం ప్రకటించారు. నటుడు ఇప్పుడు ఎక్కడున్నదీ విచారించగా, యాభై ఏళ్ళ క్రితమే కాలం చేసి ఉండవచ్చని తెలిసి, పురస్కారాన్ని మరణానంతర పురస్కారంగా సవరించి ఒక నిమిషం మౌనం పాటించారు. గ్రంథాలయాధికారి తన నోటీసును తానే చించి, వచ్చే ప్రదర్శన నుంచి రోజుకు మూడు ఆటలకు అనుమతి ఇచ్చి, కుర్చీల కోసం పుస్తకాల బీరువాలను వరండాలోకి జరిపించాడు.

కార్యదర్శికి ఇదంతా ముళ్ళ మీద కూర్చున్నట్టుగా ఉంది. ఒక సవరణ రాసి, జేబులో పెట్టుకుని, తన పాత పేపరు ఆఫీసుకు వెళ్ళాడు. సబ్ ఎడిటరు ఒకప్పుడు ఆయన పక్క బల్లవాడు. చదివి, తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నాడు.

"నిజమే అనుకోండి. అయితే ఎడిటరు గారు సంపాదకీయం రాసేశారు కదండీ. ఇప్పుడు ఈ సవరణ ఎద్దు మీదా, ఆయన మీదా?"

"తప్పు తప్పే కదా నాయనా."

"అచ్చు తప్పయితే రేపే వేసేవాణ్ణండీ. ఇది అచ్చం తప్పు. దీనికి మా దగ్గర కాలమ్ లేదు."

పేపరు కుదరకపోతే టీవీ. బావమరిది చానల్ వారే "మీడియా మనల్ని మోసం చేస్తోందా?" అని చర్చ పెట్టి ఆయన్ను పిలిచారు. నిజం చెప్పి తీరాలని ఒట్టు పెట్టుకుని వెళ్ళాడు. ముఖానికి పౌడరు రాస్తుంటే, గిట్ట గుర్తు చొక్కా వేసుకున్న అమ్మాయి ఒకతె ఆయన సంతకం అడిగింది. ఆయన పెట్టాడు. కాదనడం మర్యాద కాదని పెట్టాడు. ఇంకొకరు అడిగితే రెండోసారి కాస్త పెద్దదిగా పెట్టాడు.

చర్చలో వంతు రాగానే గొంతు సవరించుకుని చెప్పేశాడు. "అయ్యా, ఇందులో దాపరికం ఏమీ లేదు. అది పశువుల జబ్బు గురించిన పాఠం. పొరపాటున వచ్చింది. దానికీ మీడియాకీ సంబంధం లేదు. ఆ ఎద్దుకి నిజంగానే ఒంట్లో బాగాలేదు."

యాంకరు చేతులు జోడించాడు. "ప్రేక్షక మహాశయులారా, ఈయన మనందరినీ ఎంత ఎత్తు నుంచి హెచ్చరిస్తున్నారో గమనించారా. చూసిందల్లా నమ్మకండి, చివరికి నన్ను కూడా నమ్మకండి అంటున్నారు. చిత్ర సందేశాన్ని ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు." విశ్లేషకులు ముగ్గురూ తలలూపారు. అగ్రనటుడు ఫోనులో లైన్లోకి వచ్చి, ఆ సంగతి తనకు మొదటి రోజే తెలుసనీ, తెలిసే ఏడ్చాననీ చెప్పారు. వచ్చే ఏడు తాను ఎద్దుగా నటించబోతున్నట్టు అక్కడే ప్రకటించారు.

మర్నాటి నుంచి కార్యదర్శి ఎక్కడికెళ్ళినా జనం లేచి నిలబడటం మొదలుపెట్టారు. కిరాణా కొట్టువాడు కూడా ఆయన మాటల్లో నిగూఢార్థాలు వెతికాడు. "కందిపప్పు అరకిలో" అంటే, "అంటే ఏమిటి సార్ మీ ఉద్దేశం?" అన్నాడు.

ఆ వారంలోనే పోస్టులో మూడు డబ్బాలు వచ్చాయి. వాటితో పాటు ఒక ఉత్తరం. ఆయన భార్య పనిచేసిన ఆస్పత్రికి అనుబంధంగా ఉన్న పశువైద్య శిక్షణ కేంద్రం నుంచి. "మేము గాలికుంటు వ్యాధి మీద సినిమా కోరగా, భాండాగారం వారు గొడుగులు బాగుచేసే ఆయన సినిమా పంపారు. ఇందులో పశువులెక్కడా లేవు. అయినా మా శిక్షణార్థులు నలభై మంది కదలకుండా రెండు గంటలు చూశారు. ముగ్గురు పేపరు వేయించుకోవడం మానేశారు. మా సినిమా మీ దగ్గర ఉన్నట్టు టీవీలో చూసి తెలుసుకున్నాము. దయచేసి తిప్పి పంపగలరు. ఇక్కడ దూడలకు జబ్బుగా ఉన్నది."

కార్యదర్శి ఎద్దును ఆ రోజే తిప్పి పంపేశాడు. నూట పన్నెండవ ప్రదర్శనగా తన గొడుగుల సినిమా వేశాడు. హాలు కిటకిటలాడింది. మొదటి ఐదు నిమిషాలు జనం ఓపిక పట్టారు. పదో నిమిషాన ఎవరో "ఎద్దేదీ?" అన్నారు. పదిహేనో నిమిషానికి హాలంతా అదే మాట. గొడుగు మనిషి తెర మీద "రేపు వాన" అంటుంటే కుర్చీలు విరిగాయి. గంట గడిచేసరికి హాల్లో కార్యదర్శి, ఆయన భార్య, అల్లుతున్న ఊలు మిగిలాయి. ఆయన ఆపలేదు. ఆఖరి రీలు దాకా వేశాడు. మేడ మీద గొడుగు మనిషి మొత్తుకుంటున్నప్పుడు ఆవిడ సూదులు పక్కన పెట్టింది.

"ఈయన పాపం మంచివాడేనండీ," అంది.

పేపర్లు తొలిసారిగా మోసాన్ని మోసం అని రాశాయి. "ఎద్దు పేరుతో ప్రజలకు టోకరా", "నకిలీ చిత్రం ప్రదర్శించిన కార్యదర్శి" అని పెద్దక్షరాల్లో వచ్చింది. ఒక్క అక్షర దోషం లేదు. గ్రంథాలయాధికారి పిలిపించి ఒక కాగితం ముందు పెట్టాడు. ఎద్దు చిత్రమే అసలు చిత్రమనీ, గొడుగు చిత్రం పొరపాటున వచ్చిందనీ అందులో ఉంది. సంతకం పెడితే హాలు ఉంటుంది. పెట్టకపోతే కుట్టుమిషన్లు.

బావమరిది కూడా వచ్చి కూర్చున్నాడు. "పెట్టెయ్ బావా. రెండు సినిమాల్లో ఏదీ నువ్వు తీసింది కాదు. ఎటు మార్చి చెబితే ఏం పోయింది?"

కార్యదర్శి పెన్ను తీశాడు. కాగితమంతా చదివాడు. అలవాటు చొప్పున నాలుగు తప్పులు దిద్దాడు. ఐదోది దిద్దడానికి కాగితం మొత్తం అడ్డంగా కొట్టేసి, పెన్ను జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

నూట పదమూడవ ప్రదర్శన పశువైద్య శిక్షణ కేంద్రం వారి షెడ్డులో జరిగింది. ఆ ఏర్పాటు ఆయన భార్యది. ఒక మూల కోలుకుంటున్న దూడలు, వాటికి దూరంగా దుప్పటి తెర, గడ్డిమోపుల మీద శిక్షణార్థులు. ముందు గాలికుంటు సినిమా వేశారు. ఆవిడ లేచి, ఏ మందు వాడకూడదో, జబ్బు చేసినదాన్ని ఎంత దూరంలో కట్టాలో చెప్పింది. అందరూ రాసుకున్నారు. తర్వాత గొడుగు మనిషి సినిమా రెండోసారి వేశారు. నవ్వవలసిన చోట నవ్వారు. నవ్వకూడని చోట ఊరుకున్నారు. తొమ్మిదేళ్ళలో కార్యదర్శి అలాంటి ప్రేక్షకుల్ని చూడలేదు.

అయ్యాక ఉత్సాహంగా ముందుకొచ్చి, సందేహాలుంటే అడగమన్నాడు. వెనక నుంచి ఒకమ్మాయి లేచింది. మోచేతుల దాకా మందు మరకలు.

"సార్, ఇందాకటి మా సినిమా మీ హాల్లో వేసినప్పుడు, అది వేరే సినిమా అని మీకు వెంటనే తెలిసిందట కదా. మేడం చెప్పారు. అప్పుడే దీపాలు వేసి చెప్పేస్తే సరిపోయేది కదండీ. ఎందుకు చెప్పలేదు?"

ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. కార్యదర్శి బావమరిది పేరు చెబుదామని నోరు తెరిచాడు. బావమరిది వేసింది చెయ్యేగానీ బండరాయి కాదు. భార్య వైపు చూశాడు. ఆవిడ అల్లిక ఆపి ఆయన్నే చూస్తోంది.

"హాలు నిండిందమ్మా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. ఆ అమ్మాయి తలూపి కూర్చుంది.

ఈ సమాధానం ఏ పత్రికలోనూ రాలేదు. వచ్చినా, పక్కన ఒక ఎద్దు బొమ్మ లేనిదే మీరూ నేనూ చదివేవాళ్ళం కాదు.